పని తెలిసినవారికి పత్రం కూడా ఉండాలి
(ప్రాజెక్టు నిర్వహణ తొలిమెట్టు పరీక్షకు సిద్ధమవుతున్న యువతీ యువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మా ముందు రెండు తరాలవారు కూర్చుని ఉన్నారు. ముందు వరుసలలో ఇంటర్మీడియట్, డిప్లొమా, బి.కాం., బి.టెక్. చదివిన పిల్లలు, వెనుక వరుసలలో వారిని కష్టపడి చదివించిన తల్లిదండ్రులు. సభకు ముందు టీ తాగుతుండగా పిల్లలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు, పెద్దలు మరొకటి అడిగారు. 'ఈ సీఏపీఎం పరీక్షకు ఎట్లా చదవాలి?' అన్నది పిల్లల ప్రశ్న. 'పాతిక వేలు దాటే సొమ్ము పెట్టి ఈ పరీక్ష రాయించడం అవసరమా?' అన్నది పెద్దల ప్రశ్న. పెద్దల ప్రశ్నను దాటవేసి పిల్లల ప్రశ్న దగ్గరకు పోవడం న్యాయం కాదు. కనుక ముందుగా దాని సంగతే మాట్లాడుకుందాము.

సచార్ కమిటీ నివేదిక 2006లో వెలువడింది. నెల జీతం వచ్చే స్థిరమైన ఉద్యోగాలలో ముస్లింలు తక్కువగానూ, సొంత చేతిపనులలో, చిన్న వ్యాపారాలలో ఎక్కువగానూ ఉన్నారని ఆ నివేదిక అంకెలతో సహా చెప్పింది. మన రెండు రాష్ట్రాలలో బి.సి.-ఇ కింద లభిస్తున్న 4 శాతం రిజర్వేషన్ కాలేజీ సీట్లకూ ప్రభుత్వ ఉద్యోగాలకూ వర్తిస్తుంది. దానిని నిలబెట్టుకొనే పోరాటం ఆగకూడదు. అయితే ఆ 4 శాతం ప్రైవేటు కంపెనీ గుమ్మం దాకా రాదు. అక్కడ దరఖాస్తుల కుప్ప ముందు కూర్చున్న మనిషికి మన పిల్లవాడి కష్టం తెలియదు. కాగితం మీద ఉన్న పేరు, ఊరు, కాలేజీ మాత్రమే కనిపిస్తాయి. పేరు చూసి పక్కకు నెట్టేవారు లేరని మేము అనము. ఆ వివక్షను ఒక సర్టిఫికెట్ తొలగిస్తుందని అంతకంటే అనము. 'అర్హత చాలలేదు' అని చెప్పి పంపించే సౌలభ్యాన్ని మాత్రం అది కొంత తగ్గిస్తుంది. దానితో జరిగే మేలు అంతవరకే. అంతకు మించి ఎవరు ఆశ చూపినా నమ్మవద్దు.

ఇంకొక కోణం కూడా ఉన్నది. మన మొహల్లాలలో పని తెలిసి పత్రం లేనివారు ఎందరో ఉన్నారు. మాకు తెలిసిన ఒక అన్న రియాద్‌లో పదకొండేళ్ళు కట్టడాల సైట్ల మీద పనిచేశారు. చివరి మూడేళ్ళు నలభై మందికి రోజువారీ పని పంచడం, సామాను సమయానికి తెప్పించడం, ఎక్కడ ఆలస్యమవుతున్నదో ఇంజనీరుకు రాసి ఇవ్వడం ఆయన బాధ్యతలు. అది ముమ్మాటికీ ప్రాజెక్టు నిర్వహణే. తిరిగి వచ్చి ఇక్కడ ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు ఆయన తనను తాను 'హెల్పర్' అని రాసుకున్నారు. ఎందుకంటే ఇఖామాలో వృత్తి అనే చోట అదే రాసి ఉన్నది! తాను చేసిన పనికి లోకం వాడే పేర్లేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఈ చదువు వల్ల కలిగే మొదటి ప్రయోజనం ఆ పేర్లు తెలియడమే అని మా అభిప్రాయం.

ఇక పరీక్ష వివరాలకు వద్దాము. దీని పూర్తి పేరు సర్టిఫైడ్ అసోసియేట్ ఇన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ దీనిని నిర్వహిస్తుంది. అదే సంస్థ పెట్టే పెద్ద పరీక్ష పీఎంపీ. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవారు కూడా ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం చూపితే తప్ప పీఎంపీ రాయలేరు. సీఏపీఎంకు అనుభవం అక్కరలేదు. మన లెక్కలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ప్రాజెక్టు నిర్వహణ మీద 23 గంటల పాఠం విన్నట్లు రుజువు ఉంటే చాలు. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన పిల్లలకు కూడా ఇది తెరిచి ఉన్న తలుపు అన్నమాట. రేపు అనుభవం వచ్చి పీఎంపీకి వెళ్ళినప్పుడు, అక్కడ అడిగే 35 గంటల పాఠం బదులు ఈ సర్టిఫికెట్‌నే చూపవచ్చు.

రుసుము సంస్థలో సభ్యులైనవారికి 225 డాలర్లు, కానివారికి 300 డాలర్లు. మారకపు విలువ రోజూ మారుతుంది కనుక, మీరు కట్టే రోజున తెర మీద కనిపించే మొత్తమే లెక్క. విద్యార్థులకు సభ్యత్వం తక్కువ ధరకే ఇస్తారు. కాబట్టి చదువుతున్న పిల్లలు ముందు సభ్యత్వం తీసుకొని, ఆ తరువాతనే పరీక్ష రుసుము కట్టాలి. ఈ వరుస తెలియక ముందే 300 కట్టినవారిని మేము చూశాము. దరఖాస్తు ఆమోదం పొందిన నాటినుంచి ఏడాది గడువు ఉంటుంది. ఆ ఏడాదిలో మూడుసార్లు రాయవచ్చు, కానీ ప్రతిసారీ మళ్ళీ రుసుము కట్టాలి. నెగ్గిన తరువాత సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. దానిని కొనసాగించుకోవాలంటే ఆ మూడేళ్ళలో 15 గంటల తదుపరి చదువు చూపాలి.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాము. మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఇప్పటికే ఏదో ఒక పనిలో ఉండి, కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూస్తూనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తూనో, ఆసుపత్రి ఆఫీసులోనో, గల్ఫ్ సైట్‌లోనో ఉండి, ఒక మెట్టు పైకి పోవాలనుకుంటే ఈ సొమ్ము వృథా కాదు. బి.టెక్. చివరి ఏడాదిలో ఉండి, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడడానికి జంకే పిల్లవానికైతే ముందు ఆ జంకు తీర్చండి. పరీక్ష ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. ఇక వడ్డీకి అప్పు తెచ్చి మాత్రం రాయించవద్దు. నగ తాకట్టు పెట్టి రాయించవద్దు. జకాత్ సొమ్ముతో పేద విద్యార్థి రుసుము కట్టవచ్చునా అని కొందరు అడిగారు. అది ఉలమాలను అడగవలసిన మాట, మేము తీర్పు చెప్పేది కాదు. అయితే మొహల్లాలోని నలుగురు స్థితిమంతులు కలిసి ఏడాదికి ఇద్దరి రుసుము భరించడం కష్టమేమీ కాదు. వలీమా విందులో ఒక కూర తగ్గిస్తే చాలు.

23 గంటల పాఠం కోసం పెద్ద కోచింగ్ సెంటరు అక్కరలేదు. ఇన్‌స్టిట్యూట్ వారి పాఠమే ఉన్నది. గూగుల్ సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రాజెక్టు నిర్వహణ కోర్సు వంద గంటలకు పైబడినది. ఈ పరీక్ష దరఖాస్తుకు అదీ పనికివస్తుంది. ఎక్కడ చదివినా గంటలు స్పష్టంగా రాసి ఉన్న ధ్రువపత్రం దాచుకోవాలి. కొన్ని దరఖాస్తులను ఎంపికచేసి రుజువులు పంపమని అడుగుతారు. అప్పుడు వెతుక్కోవడం కాదు, ముందే ఒక ఫైలులో పెట్టి ఉండాలి. 'నూటికి నూరు పాస్ గ్యారంటీ' అని గోడ మీద రాసినవారి దగ్గరకు వెళ్ళవద్దు. వారిలో కొందరు పరీక్షలో వచ్చిన ప్రశ్నలను దొంగతనంగా సేకరించి అమ్ముతారు. బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ అనే నాలుగు విలువలకు కట్టుబడతామని ఒప్పుకొనే మీరు దరఖాస్తు చేస్తారు. ఆ ఒప్పుకోలు మీద సంతకం చేసి, దొంగ ప్రశ్నపత్రం చదివి నెగ్గే సర్టిఫికెట్ మనకు అక్కరలేదు.

ఇకనుంచి పిల్లలతో మాట్లాడతాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము మొదటిసారి పాఠాలు చెప్పినప్పుడు మా చేతిలో ఉన్నది పాత పుస్తకం. అందులో ప్రాజెక్టు నిర్వహణను 49 ప్రక్రియలుగా విడగొట్టి, ఒక్కొక్క ప్రక్రియలోకి వచ్చేవేమిటి, బయటికి పోయేవేమిటి అని పట్టికలు ఇచ్చారు. వాటిని మా పిల్లలచేత ఎక్కాలవలె వల్లె వేయించాము. 2023 జూలైలో పరీక్ష స్వరూపం మారింది. ఆ మార్పును మేము గమనించలేదు. ఆ జట్టులో ముగ్గురు పరీక్షకు వెళితే ఇద్దరు తప్పారు. ఆ ఇద్దరి రుసుము సంగతి తలచుకుంటే ఈనాటికీ మాకు తలవంపుగా ఉంటుంది. అందుకని మొదటి మాట ఇది: పుస్తకం కొనకముందు, పాఠం మొదలుపెట్టకముందు, ఇన్‌స్టిట్యూట్ వారు ప్రకటించిన పరీక్షాంశాల పట్టికను దించుకొని చదవండి. అది ఉచితమే.

ఆ పట్టిక ప్రకారం పరీక్ష నాలుగు భాగాలు. ప్రాజెక్టు నిర్వహణ మూలభావనలకు 36 శాతం. ముందుగా ప్రణాళిక వేసుకొని నడిపే పద్ధతులకు 17 శాతం. ఎజైల్ పద్ధతులకు 20 శాతం. బిజినెస్ అనాలిసిస్‌కు 27 శాతం. ఈ చివరి భాగాన్ని మనవాళ్ళు చాలామంది పట్టించుకోరు. పాత పుస్తకాలలో అది అంతగా ఉండదు. నాలుగింట ఒక వంతుకు పైగా బరువున్న భాగాన్ని విడిచిపెట్టి పరీక్షకు పోవడమంటే నాలుగు కాళ్ళ మంచానికి ఒక కాలు లేకుండా పడుకోవడమే.

బిజినెస్ అనాలిసిస్ అంటే భయపడవద్దు. అడిగినదానికీ అవసరమైనదానికీ తేడా కనిపెట్టడమే అది. ఒక మొహల్లావారు 'మాకు గ్రంథాలయం కావాలి' అన్నారనుకోండి. బీరువాలు, పుస్తకాలు కొని పెట్టాము. ఎవరూ రారు. కూర్చుని నలుగురు తల్లులను అడిగితే తెలిసింది: రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉంటారు, సాయంత్రం టీవీ మోగుతుంది, పదవ తరగతి ఆడపిల్లకు చదువుకొనే చోటు లేదు. వారికి కావలసినది వెలుతురు, నిశ్శబ్దం, ఆడపిల్లలు భయం లేకుండా వచ్చిపోయే వేళలు. పుస్తకాలు ఆ తరువాత. ఎవరిని అడగాలి, ఎట్లా అడగాలి, విన్నదానిని ఎట్లా రాయాలి, చివరకు కట్టినది అడిగినవారి అవసరం తీర్చిందా లేదా ఎట్లా సరిచూడాలి, ఈ నాలుగు మాటల చుట్టూనే ఆ 27 శాతం తిరుగుతుంది. ప్రతి అవసరాన్నీ అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడ తీరిందో కలిపి చూపే పట్టికను ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది.

లెక్కలంటే జడిసే కామర్సు పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు. ఈ పరీక్షలో లెక్కలు కొద్ది. ఒకటి రెండు చూద్దాము. ఒక దుకాణం తెరవాలి. గోడలకు రంగులు వేయడానికి 4 రోజులు, ఆ తరువాత అరలు బిగించడానికి 6 రోజులు, చివరగా సరుకు సర్దడానికి 2 రోజులు. అది ఒక దారి, 12 రోజులు. ఇంకొక దారిలో కరెంటు మీటరుకు 7 రోజులు, దీపాలు బిగించడానికి 1 రోజు, తరువాత అదే సరుకు సర్దడం 2 రోజులు. ఇది 10 రోజులు. మీటరు ఏడు రోజుల్లో వస్తుందా అని వెనుకనుంచి ఎవరో నవ్వారు; లెక్క కోసం వస్తుందనుకుందాము. దుకాణం ఎన్ని రోజులకు తెరుచుకుంటుంది? పొడవైన దారి ఏదో అన్ని రోజులకు, అంటే 12 రోజులకు. దానినే క్రిటికల్ పాత్ అంటారు. మీటరు 2 రోజులు ఆలస్యమైనా ప్రారంభం ఆగదు; ఆ వెసులుబాటును ఫ్లోట్ అంటారు. 3 రోజులు ఆలస్యమైతే రెండవ దారి 13 రోజులవుతుంది, ప్రారంభం ఒక రోజు వెనక్కు జరుగుతుంది. రంగులు వేసే మేస్త్రీ ఒక్క పూట రాకపోయినా ఆ పూట పోయినట్లే. పరీక్షలో అడిగేది ఇదే.

రెండవ లెక్క మన కమిటీలన్నింటికీ పనికివచ్చేది. 10 లక్షలతో 10 నెలల్లో ఒక భవనం కట్టాలి. నెలకు లక్ష విలువైన పని జరగాలి. నాలుగు నెలలు గడిచాయి. కోశాధికారి లేచి, 'నాలుగు లక్షలు ఖర్చవుతుందనుకున్నాము, 3 లక్షల 60 వేలే అయింది, 40 వేలు మిగిల్చాము' అన్నారు. అందరూ మాషా అల్లాహ్ అన్నారు. కానీ కట్టిన గోడలను కొలిస్తే జరిగిన పని విలువ 3 లక్షలే. జరగవలసిన పని 4 లక్షలు, జరిగినది 3 లక్షలు. 3ను 4తో భాగిస్తే 0.75. అంటే రూపాయి పనికి ముప్పావలా పనే జరుగుతున్నది. జరిగిన పని 3 లక్షలు, దానికి అయిన ఖర్చు 3 లక్షల 60 వేలు. భాగిస్తే సుమారు 0.83. అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 83 పైసల పనే దక్కుతున్నది. ఇదే తీరున సాగితే భవనం పూర్తయ్యేసరికి 12 లక్షలవుతుంది. మిగిలినట్లు కనిపించిన 40 వేలు నిజానికి 60 వేల అధిక ఖర్చు! మొదటి అంకెను షెడ్యూల్ పర్ఫార్మెన్స్ ఇండెక్స్ అనీ, రెండవదానిని కాస్ట్ పర్ఫార్మెన్స్ ఇండెక్స్ అనీ అంటారు. రెండింటిలోనూ జరిగిన పని విలువే పైన ఉంటుందని గుర్తుంచుకుంటే తలకిందులు చేయరు. ఒకటి కంటే తక్కువైతే చెడు, ఎక్కువైతే మంచి. మన ఊళ్ళలో శ్లాబు దగ్గర ఆగిపోయి, ఇనుప చువ్వలు ఆకాశం చూస్తున్న కట్టడాలు ఎన్నో ఉన్నాయి. చందాలు తక్కువై ఆగినవి కొన్ని, ఈ లెక్క ఎవరూ వేయక ఆగినవి కొన్ని.

ఎజైల్ అన్నది వేరే తీరు. ఇల్లు కట్టేటప్పుడు పునాది వేసిన తరువాత గదులు మార్చడం కష్టం. అందుకని అంతా ముందే గీసుకుంటాము. దర్జీ దగ్గర పెళ్ళికూతురి దుస్తులు అట్లా కావు. తాత్కాలికంగా కుట్టి, ఒకసారి తొడిగి చూసి, భుజం దగ్గర వదులు చేసి, మళ్ళీ తొడిగి చూస్తారు. సాఫ్ట్‌వేర్ కూడా అటువంటిదే. కొంచెం చేసి, వాడేవారికి చూపి, వారు చెప్పినదానిని బట్టి దిద్దుకుంటూ పోవాలి. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి ఈ ఆలోచనకు ఒక ప్రకటన రూపం ఇచ్చారు. అందులో నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు ఉన్నాయి. అవి ఒక్క పూటలో చదవవచ్చు. స్క్రమ్ గురించిన చిన్న మార్గదర్శి కూడా ఉచితంగా దొరుకుతుంది. ప్రాడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు అనే ముగ్గురి బాధ్యతలు కలగలపకుండా నేర్చుకుంటే ఈ 20 శాతంలో సగం వచ్చినట్లే.

చాలామంది పొరపడే చోటు ఒకటి చెబుతాము. ఇల్లు కడుతున్నారు. ఇంటాయన బావమరిది వచ్చి నేరుగా మేస్త్రీతో 'ఈ కిటికీ ఇటు జరుపు' అన్నాడు. బాధ్యత వహించే మేనేజరు మొదట ఏమి చేయాలి? కాదని కసరడం తప్పు. మొహమాటపడి జరపడం ఇంకా తప్పు. దానివల్ల ఖర్చు ఎంత పెరుగుతుంది, రోజులు ఎన్ని పెరుగుతాయి అని లెక్కవేసి, మార్పులకు అనుమతి ఇచ్చేవారి ముందు పెట్టాలి. ఇదే కోరిక ఎజైల్ ప్రాజెక్టులో వస్తే జవాబు మారుతుంది: అది ప్రాడక్ట్ ఓనర్ దగ్గరకు పోవాలి, చేయవలసిన పనుల జాబితాలో చేరాలి, ఎప్పుడు చేయాలో ఆయన వరుస నిర్ణయిస్తారు. ప్రశ్న చదవగానే ఇది ఏ పద్ధతి ప్రాజెక్టో తేల్చుకోకపోతే నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. ప్రశ్న చివర 'మొదట', 'తరువాత', 'అన్నింటికంటే మేలైనది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఫస్ట్, నెక్స్ట్, బెస్ట్ ఉంటాయి. జవాబును తిప్పేది ఆ ఒక్క మాటే.

భాష గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. ఈ పరీక్ష తెలుగులో లేదు, ఉర్దూలో లేదు. తెలుగు మీడియంలో, ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలు ఇక్కడే వెనుకంజ వేస్తారు. మేము వారిచేత ఒక నోటుపుస్తకం రాయిస్తాము. పేజీకి మూడు గళ్ళు. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండవ గడిలో ఇంట్లో మాట్లాడే భాషలో దాని అర్థం, మూడవ గడిలో తమ ఇంటినుంచో వీధినుంచో ఒక ఉదాహరణ. రిస్క్ అంటే ఇంకా జరగనిది, జరగవచ్చునని భయపడేది. ఇష్యూ అంటే జరిగిపోయినది. 'నికాహ్ రోజు వాన పడవచ్చు' అన్నది రిస్క్, 'షామియానా తడిసింది' అన్నది ఇష్యూ. ఇట్లా మూడు వందల మాటలు రాసుకున్న అమ్మాయి ఒకరు, ఉర్దూ మీడియంలో పదవ తరగతి చదివినవారు, మొదటిసారికే నెగ్గారు. మూడవ గడిలోని ఉదాహరణలు మీవే కావాలి. ఇంకొకరి పుస్తకం చూసి రాస్తే ఒక్కటీ నిలవదు.

పగలు ఉద్యోగం చేసేవారికి రోజుకు గంటన్నర చొప్పున పన్నెండు వారాలు సరిపోతాయి. మొదటి ఎనిమిది వారాలు చదువు, తరువాతి నాలుగు వారాలు నమూనా పరీక్షలు. పరీక్షలో 150 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 72 సెకన్లు. వాటిలో 15 ప్రశ్నలకు మార్కులు లెక్కించరు. అవి ఏవో చెప్పరు కనుక అన్నీ రాయవలసిందే. తప్పు జవాబుకు మార్కు తీసివేయరు, అందువల్ల దేనినీ ఖాళీగా వదలకండి. 75 ప్రశ్నల తరువాత పది నిమిషాల విరామం ఉంటుంది. విరామం తీసుకున్నాక వెనుకటి ప్రశ్నలకు తిరిగి పోనివ్వరు. లేచే ముందే సరిచూసుకోవాలి. ఇంట్లో మూడు గంటలు కదలకుండా కూర్చుని కనీసం నాలుగు పూర్తి నమూనా పరీక్షలు రాయనివారు అసలు పరీక్షకు రుసుము కట్టవద్దని మా మాట. నమూనా పరీక్షలో తప్పిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాయాలి. తెలియక తప్పిందా, తొందరలో తప్పిందా, ఇంగ్లీషు అర్థంకాక తప్పిందా? మూడింటికీ మందు వేరు వేరు.

ఇప్పుడు చెప్పబోయేది ఏ పుస్తకంలోనూ దొరకదు. మన పేర్ల సంగతి. పదవ తరగతి మెమో మీద 'ఎస్.కె.' అని ఉంటుంది, ఆధార్ మీద 'షేక్' అని, పాస్‌పోర్టు మీద 'షైక్' అని. 'ఎం.డి.' ఒకచోట, 'మొహమ్మద్' ఇంకొకచోట, 'మహమ్మద్' వేరొకచోట. ఆడపిల్లల పేరు చివర ఒకదానిలో బేగం ఉంటుంది, ఒకదానిలో ఉండదు. పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. పరీక్ష గుమ్మం దగ్గర దరఖాస్తులోని పేరూ గుర్తింపు పత్రంలోని పేరూ అక్షరం అక్షరం కలవాలి. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి తండ్రితో కలిసి రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళి, ఉదయం కేంద్రం గుమ్మం దగ్గరనుంచే వెనుదిరిగి వచ్చారు. దరఖాస్తులో మెమోలోని పేరు, చేతిలో పాస్‌పోర్టులోని పేరు. అక్కడివారు నిబంధన చెప్పారు. వారిని అనడానికి లేదు. ముందే చూసి సరిచేయవలసినది మేము. అప్పటినుంచి మా దగ్గరకు వచ్చే ప్రతివారినీ మొదటి రోజే పాస్‌పోర్టు తెమ్మంటాము. ఫొటో, సంతకం రెండూ ఉన్న పత్రం కావాలి కనుక పాస్‌పోర్టే మేలు. అందులో ఉన్న పేరునే, అదే అక్షరాలతో, అదే వరుసలో దరఖాస్తులో నింపాలి. పాస్‌పోర్టు లేనివారు ముందు దానికి దరఖాస్తు చేసి, అది చేతికి వచ్చిన తరువాతనే పరీక్ష తేదీ గురించి ఆలోచించాలి.

పరీక్ష ఇంటినుంచి కూడా రాయవచ్చు. తల్లులు దీనినే ఇష్టపడతారు. ఆడపిల్లను అంత దూరం పంపనక్కరలేదు కదా అని. కానీ ఇంటినుంచి రాసేటప్పుడు కెమెరా ముందు ఒంటరిగా, తలుపు మూసిన గదిలో ఉండాలి. ఆ మూడు గంటలలో గదిలోకి ఎవరైనా వస్తే, చిన్న తమ్ముడు తలుపు తోసినా సరే, పరీక్ష రద్దు కావచ్చు. రెండు గదుల ఇంట్లో అది ఎంత కష్టమో మీకు మేము చెప్పాలా? కరెంటు, నెట్ కూడా నమ్మకంగా ఉండాలి. మా సలహా కేంద్రానికి వెళ్ళి రాయమనే. హిజాబ్ ధరించే అమ్మాయిలు కొంచెం ముందుగా చేరుకొని, తనిఖీ మహిళా సిబ్బందితో జరపమని మర్యాదగా అడగండి. ఉదయం పూట సమయం ఎంచుకుంటే జుహర్ వేళకు బయటికి రావచ్చు. శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ చివరి పది రోజులు వద్దు. తండ్రులకు ఒక మాట: అమ్మాయి లోపల ఉన్న మూడు గంటలూ ఫోను చేయకండి. ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, ఎత్తలేదని మీరు కంగారు పడతారు.

ఫలితం అంకెలలో రాదు. నెగ్గినదీ తప్పినదీ చెప్పి, ఒక్కొక్క భాగంలో లక్ష్యానికి పైన ఉన్నారా, లక్ష్యం దగ్గర ఉన్నారా, కింద ఉన్నారా అని చూపుతారు. తప్పినవారు ఆ కాగితాన్ని చింపకుండా మా దగ్గరకు తీసుకురండి. రెండవసారి ఎక్కడ చదవాలో అదే చెబుతుంది. మేము చెప్పిన ఆ ఇద్దరిలో ఒకరు అట్లాగే వచ్చారు. ఆయన కాగితంలో బిజినెస్ అనాలిసిస్ ఒక్కటే అట్టడుగున ఉన్నది. ఐదు వారాలు అదొక్కటే చదివి మళ్ళీ రాసి నెగ్గారు. రెండవ ఆయన మళ్ళీ రాలేదు. రుసుము తిరిగి కట్టే స్తోమత లేక రాలేదని తరువాత తెలిసింది. ఆయన ఇంటికి మేము వెళ్ళవలసింది, ఆలస్యంగా వెళ్ళాము. ఇప్పుడు మళ్ళీ చదువుతున్నారు. ఈసారి రుసుము ఆ జట్టులో నెగ్గిన మొదటి అబ్బాయి తన జీతంలోనుంచి కట్టాడు.

రాబోయే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇదే గదిలో మొదటి పాఠం. పాస్‌పోర్టు, పదవ తరగతి మెమో, ఇంటర్మీడియట్ మెమో, ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం తెచ్చుకోండి. అక్కచెల్లెళ్ళకు కిటికీ వైపు వరుసలు కేటాయించాము. గల్ఫ్‌నుంచి తిరిగి వచ్చిన అన్నలు ఎవరైనా ఉంటే వయసు ఎంతైనా మొహమాటపడక రండి. అక్కడ మీరు నిజంగా చేసిన పనులేమిటో ఒక కాగితం మీద రాసుకొని తీసుకురండి; ఇఖామాలో ఏమి ఉన్నదో ఆ సంగతి తరువాత చూద్దాము.